ఒక్క ‘జ్ఞా’కు అన్ని యాప్‌లూ ఎందుకు కూలాయి?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. దాన్ని వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్ల ఐఫోన్‌లో వాట్సాప్ కూలిపోయేది. జీమెయిల్‌లో వస్తే జీమెయిల్ మూతపడేది, ట్విట్టర్‌లో కనబడితే ట్విట్టర్. నోటిఫికేషన్‌గా వచ్చిందంటే హోమ్ స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రామే పడిపోయి మళ్లీ మొదలయ్యేది. ఆ అక్షరం ‘జ్ఞా’. విజ్ఞానంలో ఉండే జ్ఞా, జ్ఞాపకంలో ఉండే జ్ఞా. మన ఊళ్లలో చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి తణుకులో ఆ దెబ్బ తిన్నవాళ్లు తక్కువే అయ్యుంటారు. తగిలితే అమెరికాలో ఉన్న అబ్బాయికో, అమ్మాయికో తగిలి ఉంటుంది.

నిజానికి మనం మామూలుగా టైపు చేసే జ్ఞా వల్ల ఏ ఫోనుకూ ఏమీ కాలేదు. కంప్యూటర్ లెక్కలో జ్ఞా ఒక అక్షరం కాదు, నాలుగు అంకెల వరస: జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘం 3134. యూనికోడ్ వాటికి కేటాయించిన నంబర్లవి. ఫోన్లను పడగొట్టిన వరసలో ఇంకొకటి దూరింది. ఞకూ దీర్ఘానికీ మధ్య 8204. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. పక్కపక్కనున్న అక్షరాలు కలిసిపోకుండా అడ్డుపడడమే దాని పని. ‘బస్‌స్టాండ్’ అని రాసినప్పుడు మొదటి స్ పొల్లుగానే నిలబడి, పక్కనున్న స్టాతో ముద్దకాకుండా ఉందంటే మధ్యలో ఇదే ఉంది. తెలుగులో దాని చోటు పొల్లు తర్వాత. ఇక్కడ మాత్రం హల్లుకూ గుణింతపు గుర్తుకూ మధ్య, తనకే పనీ లేని చోట వచ్చి కూర్చుంది. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ ఈ వరసను ముక్కలుగా విడదీసి చూసి, తెలుగులో ఇంకా చాలా వత్తులతోనూ, దేవనాగరి, బెంగాలీ లిపుల్లో కొన్ని వరసలతోనూ ఇదే జరుగుతుందని చూపించాడు. పాపం జ్ఞా ఒక్కదానికే చెడ్డపేరు వచ్చింది.

తప్పు తెలుగు లిపి కష్టానిదా, ఆపిల్‌దా అన్న చర్చ ఆ వారం జోరుగానే సాగింది. అంతకన్నా ఆలోచించాల్సిన ప్రశ్న వేరే ఉంది. వాట్సాప్ రాసినవాళ్లు వేరు, జీమెయిల్ రాసినవాళ్లు వేరు. ఒకరి కోడు ఇంకొకరు చూడరు. వేర్వేరు ఆఫీసుల్లో, వేర్వేరు రోజుల్లో కంపైల్ అయి, విడివిడిగా ఫోన్లోకి దిగిన ప్రోగ్రాములవి. అన్నిటికీ ఒకే జబ్బు ఒకే రోజు ఎలా వచ్చింది?

వాటిలో ఏదీ అక్షరాన్ని సొంతంగా గీయదు కాబట్టి.

తెలుగు గీయడం తేలికేం కాదు. ఇంగ్లీషులో దాదాపుగా ఒక అంకెకు ఒక బొమ్మ, వరసగా పేర్చుకుంటూ పోతే మాట అయిపోతుంది. మన ‘స్త్రీ’ని చూడండి. లోపల అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు అంకెలు. గుడిదీర్ఘం వరసలో ఆఖరుది, కూర్చునేది మాత్రం మొట్టమొదటి స నెత్తిన. త వత్తుగా కిందికి దిగాలి. రవత్తు ఆ వత్తుకు తగలకుండా తన చోటు వెతుక్కోవాలి. ఐత్వమైతే రెండు ముక్కలవుతుంది, పైన ఒకటి, కింద తోక ఒకటి. ఏ ముక్క దేనితో కలిస్తే ఏ రూపం రావాలో చెప్పే పట్టికలు ఫాంటులో ఉంటాయి. ఆ పట్టికలు చదివి, ముక్కల్ని సరైన వరసలోకి మార్చి, ఏది ఎక్కడ నిలవాలో లెక్కకట్టే ప్రోగ్రాము భాగాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. తెలుగుకే ఇన్ని తిప్పలుంటే అరబ్బీకి, ఖ్మేరుకు, టిబెటన్‌కు ఎవరి తిప్పలు వాళ్లవి. మెసేజీలు పంపే యాప్ తయారుచేసేవాడు ఇవన్నీ నేర్చుకుని కూర్చోడు. అంకెల వరసను షేపింగ్ ఇంజిన్ చేతికిచ్చి, అది చెప్పిన చోట బొమ్మలు పెట్టుకుంటాడు. ఆపిల్ పరికరాల్లో ఆ ఇంజిన్ పేరు కోర్ టెక్స్ట్. ఐఫోన్‌లోని యాప్‌లు దాదాపుగా అన్నీ దాన్నే వాడుకుంటాయి. వాడుకోవడమంటే ఎక్కడో ఉన్న కోర్ టెక్స్ట్‌కు అర్జీ పంపడం కాదు. దాని కోడు యాప్ లోపలే, యాప్ మెమరీలోనే నడుస్తుంది. అందుకే తప్పు కోర్ టెక్స్ట్‌ది, ప్రాణం పోయింది యాప్‌ది.

ఇలా అందరూ ఒకే ఇంజిన్‌ను పంచుకోని రోజులు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి పెద్దగా వెతకనక్కర్లేదు. తణుకులో ఏ డీటీపీ షాపులోకైనా వెళ్లండి. శుభలేఖ, ఓణీల ఫంక్షన్ కార్డు, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, ఏదైనా సరే చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లతోనే తయారవుతుంది. ఆ ఫాంట్ల కిటుకు ఇది: ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గళ్లలో తెలుగు ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక గడిలో, ఒక వత్తు ఇంకో గడిలో. మనం కీబోర్డు మీద కొడుతుంటే అను ప్రోగ్రామే అక్కడికక్కడ ముక్కలు కలిపి పంపుతుంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాముకు తాను తెలుగు అచ్చువేస్తున్నానని తెలియనే తెలియదు, తన దృష్టిలో అదంతా అర్థంలేని ఇంగ్లీషే. అందుకే షాపువాడు కష్టపడి కొట్టిన మేటరును వాట్సాప్‌లో అంటిస్తే ఇంగ్లీషు అక్షరాల, కామాల పోగు ప్రత్యక్షమవుతుంది. ఒక కంపెనీ గళ్ల ఏర్పాటు ఇంకో కంపెనీకి పనికిరాదు. ఒకదాన్నుంచి ఒకదానికి మార్చడానికి కన్వర్టర్లు పుట్టుకొచ్చాయి. ఇందులో వెక్కిరించాల్సిందేమీ లేదు. ఆ రోజుల్లో తెలుగు అచ్చును బతికించినవి అవే, ఆ ఫాంట్లలో అందం ఇవాళ్టికీ చాలా యూనికోడ్ ఫాంట్లలో కనబడదు. కాకపోతే తెలుగు ఒక ప్రోగ్రాములో ఉంటే పక్క ప్రోగ్రాములో ఉండేది కాదు.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. అప్పట్లో మైక్రోసాఫ్ట్ షేపింగ్ ఇంజిన్ పేరు యూనిస్క్రైబ్. ఎక్స్‌పీ నుంచి దానికి తెలుగు వచ్చింది. కాకపోతే రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, క్లిష్ట లిపుల కోసమని ఉన్న గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేయాలి. 2005 ప్రాంతాల్లో కంప్యూటర్‌లో తెలుగు చదవడం మొదలుపెట్టినవాళ్లకు ఈ సీడీ వెతుకులాట గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన2000, వేమన2000 ఫాంట్లు దింపుకోవడం. ఇంత చేశాక జరిగింది మాత్రం పెద్ద సంగతి. నోట్‌ప్యాడ్‌లో తెలుగు వచ్చింది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చింది, ఎక్కడో జర్మనీలోనో బ్రెజిల్‌లోనో ఎవరో రాసిన చిన్న ప్రోగ్రాములో కూడా వచ్చింది. ఆ రాసినవాడికి తెలుగు అనే భాష ఉందని తెలియకపోవచ్చు. సిస్టమ్‌లో ఉన్న ఇంజిన్‌ను వాడుకున్నాడు, అంతే. పెద్ద భాషలకు ప్రతి కంపెనీ విడిగా ఏర్పాట్లు చేసుకుంటుంది. మన భాషకు ఆ మర్యాద దొరకదు. తెలుగు అన్నిచోట్లా కనబడడానికీ, 2018లో ఒక్క తప్పు అన్నిచోట్లా పేలడానికీ కారణం ఒకటే ఏర్పాటు. మొదటిదానికి సంతోషించి రెండోదానికి ఆశ్చర్యపోవడం కుదరదు.

పంచుకోవడం అనే ఆలోచన కంప్యూటర్లంత పాతది. 1949లో కేంబ్రిడ్జిలో నడిచిన ఎడ్‌శాక్ అనే కంప్యూటర్ కోసం మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ తదితరులు వర్గమూలం కట్టడం, అంకెలు అచ్చువేయడం లాంటి పనులకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి, కాగితం టేపుల మీద చిల్లులుగా దాచిపెట్టారు. ఆ టేపుల సేకరణే లైబ్రరీ. కావలసినవాడు టేపు తీసుకుని, దాని నకలు తన టేపులోకి ఎక్కించుకుని, అసలుది ఎక్కడిదక్కడ పెట్టేసేవాడు. విల్క్స్, వీలర్, గిల్ 1951లో దీని మీద పుస్తకమే వేశారు.

నకలు ఎక్కించుకోవడం అన్న పద్ధతి ఇప్పటికీ ఉంది, స్టాటిక్ లింకింగ్ అంటారు. కంపైలర్ మన కోడును యంత్రభాషలోకి మారుస్తూ, బయటి పని అవసరమైన ప్రతిచోటా ఒక ఖాళీ వదిలి పేరు రాసిపెడుతుంది. తర్వాత లింకర్ వచ్చి లైబ్రరీలోంచి ఆ పేరుగల ముక్కను తెచ్చి, ప్రోగ్రాములోనే అతికించి, ఖాళీ పూరిస్తుంది. ఇలా నలభై ప్రోగ్రాములుంటే ఆ ముక్క డిస్కులో నలభై చోట్ల, నడుస్తుంటే ర్యామ్‌లోనూ నలభై చోట్ల. డైనమిక్ లింకింగ్‌లో లింకర్ ముక్కను తేదు. ఈ పేరుగల పని ఫలానా లైబ్రరీలో దొరుకుతుందని చీటీ రాసి వదిలేస్తుంది. ప్రోగ్రామును తెరిచిన క్షణంలో లోడర్ ఆ చీటీలు చదివి, లైబ్రరీని వెతికి, ప్రోగ్రాము మెమరీలోకి తగిలించి, ఖాళీల్లో చిరునామాలు పూరిస్తుంది. 1960ల్లో మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఇలాంటి పని చేసింది. యూనిక్స్ ప్రపంచంలో ఇప్పటి రూపానికి తెచ్చినవాళ్లలో సన్ మైక్రోసిస్టమ్స్ ముఖ్యం. వాళ్ల ఇంజినీర్లు 1987లో యూజ్‌నిక్స్ సమావేశంలో తమ పద్ధతి వివరించి, 1988లో సన్‌ఓఎస్ 4.0లో అమలు చేశారు.

నలభై ప్రోగ్రాములు ఒకే లైబ్రరీని తగిలించుకున్నా ర్యామ్‌లో దాని కోడు ఒక్కసారే ఉంటుంది. ర్యామ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ పేజీలుగా, సాధారణంగా 4 కిలోబైట్ల ముక్కలుగా పంచుతుంది. ఒకే పేజీని అనేక ప్రోగ్రాములకు ఒక్కొక్క చిరునామాలో కనబడేలా చేయగలదు. కోడు మారదు కాబట్టి, దాని మీద ఎవరూ రాయరు కాబట్టి, అందరికీ ఒకటే చూపించినా తగాదా రాదు. లైబ్రరీ తన పనికోసం రాసుకునే అంకెలు మాత్రం ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రాములో విడిగా ఉంటాయి. ఆపిల్ ఇంకో అడుగు వేసి, సిస్టమ్ లైబ్రరీలన్నిటినీ ముందుగానే ఒకదానితో ఒకటి ముడివేసి ఒకే పెద్ద మూటగా ఫోన్లో ఉంచుతుంది. కోర్ టెక్స్ట్ ఆ మూటలోదే.

గోదావరి డెల్టా రైతుకు ఇదంతా వేరే చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి విజ్జేశ్వరం దగ్గర గేట్లెత్తితేనే పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లు. చేలో బోరు వేయించే ఖర్చు లేదు, మోటారు కాపలా లేదు. దాళ్వా కోతలయ్యాక మరమ్మతులకని కాలువలు కట్టేస్తే అందరి బోదెలూ ఒకేసారి ఎండుతాయి. గండి పూడ్చారంటే అందరికీ ఒకేసారి పారుతుంది. బోరున్న ఆసామికి కాలువతో పనిలేదు గానీ, మోటారు కాలితే ఆయన మోటారు ఆయనే విప్పించుకోవాలి.

జాగా ఆదా ఒక్కటే లాభమైతే ర్యామ్ ఇంత చవకైన ఈ రోజుల్లో ఎవరూ ఇన్ని తంటాలు పడరు. అసలు చిక్కు ఒకే ప్రోగ్రాము పలు మాడ్యూళ్లుగా ఉన్నప్పుడు వస్తుంది. పెద్ద ప్రోగ్రాములన్నీ దాదాపు ఇంతే. ముఖ్యమైన ఫైలు ఒకటి, దానికి తగిలే ప్లగిన్లు పది. ఒక్కొక్కటీ విడిగా కంపైల్ అయినవి, కొన్ని వేరే కంపెనీవి. ప్రతి మాడ్యూలుకూ నడిచేటప్పుడు కొన్ని కనీస సేవలు కావాలి. మెమరీ అడిగి తీసుకోవడం, తిరిగివ్వడం, ఫైలు తెరవడం, తేదీని ఏ దేశపు పద్ధతిలో రాయాలో గుర్తుపెట్టుకోవడం. ఈ సేవలిచ్చేదే రన్‌టైమ్ లైబ్రరీ. ప్రతి మాడ్యూలూ దాని నకలును తనలో అతికించుకుందనుకోండి, ఒకే ప్రోగ్రాములో రన్‌టైములు పదకొండు. అంటే మెమరీ లెక్కలు రాసేవాళ్లు పదకొండు మంది, ఒకరి లెక్క ఒకరికి తెలియదు.

ఇప్పుడు ప్లగిన్ ‘తణుకు’ అన్న మాటకు తన రన్‌టైమ్‌ను అడిగి కొంత మెమరీ తీసుకుని, మాట అందులో రాసి, ముఖ్య ప్రోగ్రాముకు ఇచ్చింది. ముఖ్య ప్రోగ్రాము వాడుకుని, పనైపోయింది కదా అని ఆ మెమరీని తన రన్‌టైమ్‌కు తిరిగిచ్చేసింది. ఆ రన్‌టైమ్ ఎప్పుడూ ఇవ్వని మెమరీ అది. లెక్కలు చూసుకోకుండా తీసుకుంటే ఆ లెక్కలు చెడతాయి. చెడిన వెంటనే ప్రోగ్రాము పడిపోతే అదృష్టమే. చాలాసార్లు అప్పుడు పడదు. ఇంకో అరగంటకు, ఈ మాటతో ఏ సంబంధమూ లేని చోట, ఎవరో ఫైలు సేవ్ చేస్తుంటే పడుతుంది. తప్పు ఒకచోట, శవం ఇంకోచోట. ప్రోగ్రామర్లు రాత్రుళ్లు మేల్కొని వెతికేది ఇలాంటివే.

డెల్ఫీ భాషలో పనిచేసినవాళ్లకు పాత నేస్తం లాంటి ఎర్రర్ మెసేజీ ఒకటి గుర్తుండాలి. ముఖ్య ప్రోగ్రాములోంచి ఒక డీఎల్ఎల్ (విండోస్‌లో ఇలా తగిలే లైబ్రరీ ఫైలు) మాడ్యూలుకు ఫాంటు వివరం అందిస్తే, టీఫాంట్‌ను టీఫాంట్‌కు కేటాయించడం కుదరదు అని మొండిగా చెప్పేది. చదివినవాడికి మతిపోయేది. అయితే అది చెప్పింది అక్షరాలా నిజం. రెండు మాడ్యూళ్లూ విడివిడిగా కంపైల్ అయి, టీఫాంట్ అనే తరగతి వర్ణనను చెరొకటి మోసుకొచ్చాయి. పేరు ఒకటే, లోపలి అంశాలన్నీ ఒకటే. ప్రోగ్రాము మాత్రం రకాన్ని గుర్తించేది పేరుతో కాదు, ఆ వర్ణన మెమరీలో ఉన్న చిరునామాతో. చిరునామాలు రెండు, కాబట్టి రకాలు రెండు. రెండు మాడ్యూళ్లనూ ఒకే రన్‌టైమ్ ప్యాకేజీని పంచుకునేలా మళ్లీ కంపైల్ చేస్తే ఆ గొడవ సమసిపోయేది.

ఇందులోంచి పుట్టిన నియమం ఒక్కటే. ఒక ప్రోగ్రాములోని మాడ్యూళ్లన్నీ ఒకే రన్‌టైమ్‌ను పంచుకోవాలి, లేదంటే ఒకరి సొత్తు సరిహద్దు దాటకూడదు, తీసుకున్న మాడ్యూలే తిరిగివ్వాలి. రెండిట్లో ఏదైనా సరే బతకొచ్చు. సగం అదీ సగం ఇదీ చేసినవాళ్లే మునిగారు.

పంచుకోవడానికి ఒప్పుకున్నాక, ఏ వెర్షన్ పంచుకోవాలన్నది తర్వాతి తగువు. విండోస్ కంప్యూటర్ కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల పట్టిక తెరిస్తే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 2005, 2008, 2010, 2013 అంటూ వరసగా కనబడతాయి. ఎందుకున్నాయో తెలియక చాలామంది తీసేస్తారు, మర్నాడు ఏదో ఒక ప్రోగ్రాము ‘ఎంఎస్‌వీసీఆర్100 దొరకలేదు’ అని మొరాయిస్తుంది. కంపైలర్ కొత్తది వచ్చినప్పుడల్లా రన్‌టైమ్ కూడా మారేది, పాతదాంతో కంపైలైన ప్రోగ్రాముకు పాతదే కావాలి. 2015 తర్వాత మైక్రోసాఫ్ట్ ఈ పరంపర ఆపింది. అక్కణ్నుంచి వచ్చిన కంపైలర్లన్నీ ఒకే రన్‌టైమ్‌ను కొత్తదనం చేర్చుకుంటూ వాడుతున్నాయి, దాని మూలభాగం విండోస్ 10 నుంచి సిస్టమ్‌లోనే ఉంటోంది. (దొరకలేదన్న డీఎల్ఎల్‌ను ఇంటర్నెట్‌లో ఎక్కడపడితే అక్కణ్నుంచి దింపుకోవడం మాత్రం మానండి. వైరస్‌కు తలుపు తీసి కుర్చీ వేయడమే అది.)

తెలుగుకు ఈ వెర్షన్ల తగువు నేరుగా తగిలింది. యూనిస్క్రైబ్ ఉండే డీఎల్ఎల్ విండోస్‌లో ఒకటుంటే, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ తనతోపాటు ఇంకా కొత్తది ఒకటి తెచ్చుకునేది. ఒకే కంప్యూటర్, ఒకే ఫాంటు, ఒకే మాట. వర్డ్‌లో ఒక రకంగా, నోట్‌ప్యాడ్‌లో ఇంకో రకంగా. అప్పటి ఉత్సాహవంతులు ఆఫీస్ ఫోల్డరులోని ఫైలును విండోస్ ఫోల్డరులోకి నకలు కొట్టి అన్నిచోట్లా బాగుచేసుకోవాలని చూసేవాళ్లు. విండోస్ దాన్ని గుర్తుపట్టి పాత ఫైలును మళ్లీ తెచ్చిపెట్టేది. అంతకుముందు సంవత్సరాల్లో ప్రతి ప్రోగ్రామూ తనకు నచ్చిన డీఎల్ఎల్‌ను ఉమ్మడి ఫోల్డరులో పడేసి పక్క ప్రోగ్రాముల్ని పాడుచేసింది, ఆ అనుభవంతో పెట్టిన కాపలా అది. ఎక్స్‌పీ నుంచి ఒకే లైబ్రరీ వెర్షన్లు పక్కపక్కనే ఉండి, ఏ ప్రోగ్రాముకు కావలసింది దానికి అందే ఏర్పాటు కూడా చేశారు. అప్పటినుంచి తగాదాలు తగ్గాయి, డిస్కు నిండింది.

మళ్లీ జ్ఞా దగ్గరికి. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. ప్రత్యేకంగా కూర్చిన అక్షరాల వరస వల్ల కోర్ టెక్స్ట్‌లో మెమరీ చెడిపోతోందని, వచ్చే వరసను ఇంకాస్త జాగ్రత్తగా పరిశీలించేలా సరిచేశామని ప్రకటించింది. వాట్సాప్‌వాళ్లు ఏమీ చేయనక్కర్లేకపోయింది. జీమెయిల్‌వాళ్లు మళ్లీ కంపైల్ చేయలేదు. ఎప్పుడో తయారై, చేసినవాళ్లు వదిలేసిన యాప్‌లు కూడా ఆ ఒక్క అప్‌డేట్‌తో బాగయ్యాయి. 2013లో, 2015లో అరబ్బీ అక్షరాల వరసలతో ఐఫోన్లు పడిపోయినప్పుడూ ఇంతే.

దీనికి ఎదురు ఉదాహరణ 2023 సెప్టెంబరులో దొరికింది. వెబ్‌పీ బొమ్మల్ని విప్పే లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం ఉందని ఆపిల్ భద్రతా విభాగం, టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ గూగుల్‌కు తెలిపాయి. సెప్టెంబరు 11న క్రోమ్ సర్దుకుంది, మర్నాడు ఫైర్‌ఫాక్స్. అంతటితో అయిపోలేదు. డెస్క్‌టాప్ మీద మనం వాడే చాట్ యాప్‌లు, నోట్స్ యాప్‌లు చాలా వరకు ఎలక్ట్రాన్ అనే పద్ధతిలో తయారవుతాయి, అంటే ప్రతిదీ కడుపులో ఒక బ్రౌజరునే మోస్తుంది. ఆ బ్రౌజరులో ఒక లిబ్‌వెబ్‌పీ. ఎన్ని యాప్‌లుంటే అన్ని నకళ్లు, ఎన్ని నకళ్లుంటే అన్ని అప్‌డేట్లు. యాప్ తయారీదారు నిద్రపోతుంటే లోపం అక్కడే ఉంటుంది, వాడేవాడికి తన యాప్‌లో అలాంటి లైబ్రరీ ఉందని కూడా తెలియదు. సొంత నకలు ఉంటే పక్కవాడి తప్పు మనకు తగలదంటారు. నిజమే. పక్కవాడి బాగు కూడా తగలదు. ఈ రెండిట్లో నేను ఉమ్మడి లైబ్రరీ వైపే మొగ్గుతాను, దాన్ని చూసుకునేవాళ్లు బతికున్నంతవరకు.

ఆండ్రాయిడ్ వాడేవాళ్లు జ్ఞా దెబ్బ తప్పించుకున్నా, వాళ్ల వంతు 2021లో వచ్చింది. యాప్ లోపల వెబ్ పేజీలు చూపించడానికి ఆండ్రాయిడ్‌లో వెబ్‌వ్యూ అనే ఉమ్మడి భాగం ఉంటుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి విడదీసి, మామూలు యాప్ లాగే ప్లే స్టోర్ ద్వారా అప్‌డేట్ చేస్తున్నారు. ఫోను కంపెనీ అప్‌డేట్ ఇవ్వడం మానేసినా వెబ్‌వ్యూ కొత్తగానే ఉంటుంది, చవక ఫోన్లకు అదో పెద్ద మేలు. అమెరికాలో 2021 మార్చి 22న, మనకు మర్నాడు తెల్లవారేసరికి, వచ్చిన ఒక అప్‌డేట్‌లో తేడా జరిగింది. జీమెయిల్ మొదలుకొని వెబ్‌వ్యూను వాడే యాప్‌లు తెరవగానే మూతపడ్డాయి. జనం జీమెయిల్‌ను తీసేసి మళ్లీ ఎక్కించారు, ఫోను ఆపి వేశారు, సిమ్ తీసి తుడిచారు కూడా. గూగుల్ ప్లే స్టోర్‌లో సరిచేసిన వెబ్‌వ్యూ, క్రోమ్ పెట్టాక, ఆ రెండూ అప్‌డేట్ చేసుకుంటే అన్నీ లేచాయి.

ఆండ్రాయిడ్ 10 నుంచి అక్కడ ఇంకో ఏర్పాటుంది. క్రోమ్ ఒక ప్యాకేజీ, వెబ్‌వ్యూ ఒక ప్యాకేజీ, రెండిటికీ ఉమ్మడిగా కావలసిన కోడంతా ట్రైక్రోమ్ లైబ్రరీ అనే మూడో ప్యాకేజీ. క్రోమ్ తనతో కలిసి తయారైన ట్రైక్రోమ్ వెర్షన్‌నే ఒప్పుకుంటుంది, దగ్గరిది సరిపోదు. అందువల్ల ఒక్కోసారి ఫోన్లో రెండు ట్రైక్రోమ్‌లు కాసేపు పక్కపక్కనే ఉంటాయి. పాతదాన్ని వాడే ప్యాకేజీ మిగలకపోతే సిస్టమే దాన్ని తీసేస్తుంది. పంచుకోవడంలోని లాభం ఉంచుకుని, వెర్షన్ల తగువును ఇలా కట్టడి చేశారు. ఈ విషయంలో ఇప్పటికి నేను చూసిన తెలివైన ఒప్పందం ఇదే.

షేపింగ్ ఇంజిన్లు కూడా ఇంకో దారి పట్టాయి. ఫాంట్లు చదివే ఫ్రీటైప్ లైబ్రరీ నుంచి పుట్టి, పాంగో, క్యూటీ అనే లైబ్రరీల్లో చెరొక నకలుగా పెరిగిన పాత కోడును ఒకచోటికి తెచ్చి హార్ఫ్‌బజ్ అనే ప్రాజెక్టు మొదలైంది. బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ దాన్ని మళ్లీ మొదటినుంచి రాశాడు. ఇప్పుడు ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడేది దాన్నే. లిబ్రేఆఫీస్ ఒకప్పుడు విండోస్‌లో యూనిస్క్రైబ్‌నూ మ్యాక్‌లో కోర్ టెక్స్ట్‌నూ వాడేది, 2017లో 5.3 వెర్షన్‌తో అన్నిచోట్లా హార్ఫ్‌బజ్‌కే మారింది. ఇక్కడ పంచుకునేది కంపైలైన ఫైలును కాదు, అసలు కోడును. ఎవరి కంపైలింగ్ వాళ్లదే, ఎవరి నకలు వాళ్లదే. ఒకే ఆండ్రాయిడ్ ఫోన్లో సిస్టమ్‌కో హార్ఫ్‌బజ్, క్రోమ్‌కో హార్ఫ్‌బజ్, యాప్‌లు తయారుచేసే ఫ్లటర్ అనే సాధనంతో పుట్టిన ప్రతి యాప్‌కూ సొంత హార్ఫ్‌బజ్.

కాబట్టి ఫోన్లో ఎక్కడైనా వత్తు తప్పు చోట పడిందనుకోండి, ఆ మాటను కాపీ చేసి ఇంకో రెండు మూడు యాప్‌లలో అంటించి చూడండి. అన్నిట్లోనూ తప్పుగానే ఉంటే లోపం ఫాంటులోనో సిస్టమ్ ఇంజిన్‌లోనో ఉంది, ఫిర్యాదు అక్కడికి వెళ్లాలి. ఒక్క యాప్‌లోనే తప్పుగా ఉంటే ఆ యాప్ మోస్తున్న నకలు పాతబడి ఉండొచ్చు, దాని తయారీదారు కొత్త హార్ఫ్‌బజ్‌తో మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుంది. ఎవరైనా ఫిర్యాదు చేసేదాకా అతనికి ఆ సంగతి తెలిసే అవకాశం తక్కువ. అతను తెలుగు చదవడు.